కోర్టు ముందరి సిపాయి

అమోస్ పోయి నెల తిరక్కముందే నన్ను తీసుకెళ్లి ఆయన కుర్చీలో కూర్చోబెట్టారు.

మా కౌంటీ పాలన చూసే బోర్డులో ఐదుగురు సభ్యులు. మా ఆయన అమోస్ పురిఫాయ్ అందులో చాలా ఏళ్లు సభ్యుడు. ఏటా ఒకే తీర్మానం పెట్టేవాడు: కోర్టు ముందున్న రాతి సిపాయిని అక్కడి నుంచి తీసెయ్యాలని. బానిసత్వం నిలుపుకోవాలని మా దక్షిణాది చేసిన యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా పెట్టిన బొమ్మ అది. ఏటా ఓడిపోయేవాడు. ఓడి ఇంటికొచ్చి, బూట్లు విప్పి, "వచ్చే ఏడు చూద్దాంలే వెర్నెల్" అని టీవీ పెట్టుకునేవాడు. కిందటి ఎన్నికల్లో ఆయనకు కావలసిన మూడో ఓటు దొరికింది. బహిరంగ విచారణకు తేదీ కూడా పడింది. ఆ తేదీ ఇంకా రాకముందే, ఒక ఆదివారం పొద్దున చర్చికి టై కట్టుకుంటూ అద్దం ముందు కూలబడ్డాడు. అంతే.

మిగిలిన నలుగురిలో మాలాగే నల్లవాళ్లు ఇద్దరు అటు, తెల్లవాళ్లు ఇద్దరు ఇటు. ఖాళీ సీట్లో ఎవర్ని వేద్దామన్నా రెండో పక్షం ఒప్పుకోదు. చనిపోయినవాడి భార్యను కూర్చోబెట్టడం మా మిసిసిపీలో పాత అలవాటు, దానికి ఎవరూ నోరెత్తరు. నల్లవాళ్లిద్దరూ నేను అమోస్ భార్యనని ఒప్పుకున్నారు. బడి వంటింట్లో వండి వండి రిటైరైన ఈవిడ ఏ గొడవకూ పోదులే అని తెల్లవాళ్లిద్దరూ ఒప్పుకున్నారు. నన్నడిగితే నేనూ సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేమడిగినా సరేననేదాన్ని. శవపేటిక ఈ రంగుది తీసుకుందామా అంటే సరే. పాస్టరుగారు ఏ పాట పాడిస్తానంటే ఆ పాట సరే. బాధ అనడానికి కూడా లేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే లేచాక అది మనది కానట్టు వేలాడుతుంది చూశారా, ఒళ్లంతా అలా ఉండేది.

మా అమ్మాయి రెనీటా మెంఫిస్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి నా దగ్గరే ఉంది. దానికి నాన్న పోలిక. కూర్చుంటే లేవదు, లేస్తే కూర్చోదు.

"అమ్మా, నువ్వు ఏం మాట్లాడాలో నేను రాసిస్తా. చదివితే చాలు."

"సరే."

"సరే కాదమ్మా. నీకసలు కోపం రాట్లేదా? నాన్న జీవితమంతా దీనికోసమే..."

"జీవితమంతా దీనికోసమేం కాదు. నెలకోసారి మీటింగుకి వెళ్లేవాడు. మిగతా రోజులు గడ్డి కోసే మిషన్లు బాగుచేసేవాడు."

రెనీటా నా వంక చూసి లేచి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

విచారణకు ముందు ఒక మధ్యాహ్నం వెండెల్ స్ట్రౌడ్ మా ఇంటికొచ్చాడు. తెల్లవాళ్ల పక్షాన బోర్డులో ముఖ్యుడు అతనే. ఊళ్లో విత్తనాల కొట్టు అతనిదే. నేనూ అమోసూ అతనూ ఒకే తరగతిలో చదివాం. చికెనూ అన్నమూ కలిపి ఓవెన్‌లో పెట్టిన గిన్నె ఒకటి రెండు చేతుల్తో పట్టుకుని వరండాలో నిలబడ్డాడు.

"వెర్నెల్ గారూ, లోపలికి రావచ్చా?"

ఎన్నో ఏళ్లుగా ఉత్త 'వెర్నెల్' అనేవాడు. ఆ రోజు 'గారూ' అన్నాడు.

వంటింట్లో కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపు అమోస్ గురించి మంచి మాటలు చెప్పాడు. అవి నిజమైన మాటలే. తర్వాత అసలు సంగతికొచ్చాడు.

"నేను మిమ్మల్ని తీర్మానానికి వ్యతిరేకంగా ఓటెయ్యమని అడగట్లేదు. ఒక ఆరు నెలలు వాయిదా వెయ్యమంటున్నానంతే. ఇంత దుఃఖంలో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు."

నేను గిన్నె తీసి పొయ్యి పక్కన పెట్టాను.

"ఆ సిపాయి కింది దిమ్మ మీద మా ముత్తాత అన్న పేరుంది, మీకు తెలుసుగా. పదిహేడేళ్లవాడు. యుద్ధం కూడా చేసింది లేదు, వాంతులూ విరేచనాలతో పోయాడు. ఎక్కడ పూడ్చారో ఎవరికీ తెలీదు. మా నాయనమ్మ పువ్వులు పెట్టాలంటే ఆ దిమ్మ దగ్గరికే పోయేది. మాకున్న సమాధి అదొక్కటే."

ఆ కుర్రాడి మీద నాకు జాలి కలగాలి. లేదా, వాడు ఎవర్ని బానిసలుగా ఉంచడానికి బయల్దేరాడో గుర్తొచ్చి మండాలి. రెండూ కాలేదు. అమోస్‌కి సమాధి ఉంది, నేను ఇంతవరకూ ఒక్కసారైనా అక్కడికి పోలేదు అని మాత్రం అనిపించింది.

"గిన్నె కడిగి పంపిస్తాను" అన్నాను.

అతను అది సరేననడమే అనుకుని సంతోషంగా వెళ్లిపోయాడు. అతని తప్పేం లేదు. అప్పటి నా మొహం చూసి ఎవరికి ఏది కావాలంటే అది అనుకోవచ్చు.

విచారణ రోజు కోర్టు హాలు నిండిపోయి జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు. బయట సిపాయి మామూలుగానే తుపాకీ ఆనించుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. లోపల ఒకరి తర్వాత ఒకరు మైకు దగ్గరికొచ్చారు. మా పిల్లలకి పాఠం చెప్పిన లాఫ్టిన్ టీచరు, చరిత్రని తుడిచేస్తే ఏం మిగులుతుందని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాలేజీ పిల్ల ఒకతె, ఆ బొమ్మ నిలబెట్టింది యుద్ధమప్పుడు కాదు, తర్వాత నలభై ఏళ్లకి, మా తాతల ఓటు లాగేసుకున్న రోజుల్లో అని గడగడా చెప్పింది. వెనక నుంచి ఎవడో "మరి మీరు కోర్టుకొచ్చేటప్పుడు కళ్లు మూసుకుని రండి" అన్నాడు. ఇంకెవరో "ముందు నువ్వు నోరు మూసుకో" అన్నారు. అధ్యక్షురాలు సుత్తి కొట్టింది.

మా చర్చి పెద్ద, డీకన్ ఫెయిర్లీ లేచాడు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. మా వాళ్లందరూ చప్పట్లకి సిద్ధపడ్డారు.

"ఉండనివ్వండి దాన్ని" అన్నాడు ఆయన.

హాలంతా గగ్గోలెత్తింది.

"ఆగండర్రా, నన్ను చెప్పనివ్వండి. నా చిన్నప్పుడు ఆ బొమ్మ నీడ పడే చోట మా వాళ్లు నడవడానికి లేదు, చుట్టూ తిరిగి పోవాలి. మా మనవలకి చెప్తే, ఊరుకో తాతా, అంటారు. అప్పుడు తీసుకెళ్లి చూపిస్తాను. ఇప్పుడు మీరు దాన్ని తీసేశారనుకోండి, రేపు నేను చెప్పేదంతా కట్టుకథే అవుతుంది. అబద్ధాలకోరునై చావాలా నేను?"

రెనీటా తల పట్టుకుంది. తెల్లవాళ్లు కొందరు చప్పట్లు కొట్టారు. డీకన్ వాళ్ల వైపు తిరిగి, "మీ కోసం కాదయ్యా" అని కూర్చున్నాడు.

చివర్న వెండెల్ మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కలిపిన మొదటి ఏడాది, ఏప్రిల్లో సిపాయిల స్మారక దినం నాడు మా తరగతిని ఈ సిపాయి దగ్గరికి తీసుకొచ్చారు. అందరం ఒకే వరసలో నిలబడి పాట పాడాం. ఆ రోజు పూలదండ పెట్టిందెవరో తెలుసా? అమోస్ పురిఫాయ్. నేను పక్కనే ఉన్నాను. ఏ గొడవా లేదు, ఎవరి మనసులోనూ ఏమీ లేదు. ఆ రోజు మనల్ని కలిపిన రాయి ఈ రోజు ఎందుకు విడదీస్తోంది? వెర్నెల్ గారూ, మీరూ ఉన్నారు కదా, చెప్పండి."

అందరూ నా వైపు చూశారు. రెనీటా రాసిచ్చిన కాగితం నా ముందే ఉంది. అందులో ఈ సంగతి లేదు. దానికి తెలీదు.

"ఉన్నాను" అన్నాను. మైకులో నా గొంతు ఎవరిదోలా వినిపించింది. "ఎండగా ఉండింది. అమోస్ అందరికంటే పొడుగని దండ వాడి చేతికిచ్చారు. నాకు ఆ రోజంటే గుర్తున్నది నిమ్మరసం. పాటయ్యాక పెద్ద గాజు పాత్రలోంచి అందరికీ పోశారు. ఐసు వేసి. తెల్లవాళ్ల గ్లాసుల్లో తాగడం నాకదే మొదటిసారి. చాలా బాగుందనుకున్నాను."

వెండెల్ తలూపాడు. నవ్వాడు కూడా.

"అమోస్ వాళ్ల నాన్న పత్తి మిల్లు లారీ తోలేవాడు. ఆ పూట లోడు దింపడానికి అటుగా వచ్చాడట. రోడ్డు అవతల లారీ ఆపి నిలబడి, కొడుకు దండ పెట్టడం చూశాడు. అమోస్ తలెత్తేసరికి నాన్న కనిపించాడు. చెయ్యి ఊపాడు వీడు. ఆయన ఊపలేదు. లారీ ఎక్కి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక తిట్టలేదు, కొట్టలేదు. అసలు ఆ సంగతే ఎత్తలేదు. చచ్చిపోయేదాకా ఎత్తలేదు. పోయేముందు ఆసుపత్రిలో అమోస్ అడిగాడట, నాన్నా, ఆ రోజు నా మీద కోపమొచ్చిందా అని. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడట."

రెనీటా కాగితం మడిచి పక్కన పెట్టాను.

"మా పెళ్లయిన ఇన్నేళ్లలో అమోస్ నాకీ సంగతి చెప్పింది ఒక్కసారే. అదే అమోస్ మనసులో ఉన్నది. నా మనసులో నిమ్మరసమే ఉంది. ఇద్దరం ఒకే వరసలో నిలబడ్డాం."

రెనీటా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. వెండెల్ మైకు వదిలేసి వచ్చి తన కుర్చీలో కూర్చుని చేతులు చూసుకున్నాడు.

ఓటింగు పెట్టారు. నేను చెయ్యెత్తాను. తీసెయ్యాలని ముగ్గురం, ఉంచాలని ఇద్దరు. కేకలు, ఏడుపులు, కౌగిలింతలు. ఇందాక అంత చెప్పాక నాలో ఏదో కదులుతుందని ఎదురుచూశాను. ఏమీ కదల్లేదు. దించిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను.

చట్టం ప్రకారం అలాంటి బొమ్మను పగలగొట్టడానికి లేదు, ఇంకో చోటికి మార్చాలి. ఊరి చివర ఆ యుద్ధంలో పోయినవాళ్లను పూడ్చిన చోటు ఒకటుంది. అక్కడికని నిర్ణయించారు. సెప్టెంబర్లో ఒక పొద్దున క్రేను వచ్చింది. పోలీసులు తాళ్లు కట్టారు. తాడుకి ఒక వైపు ఆ యుద్ధం నాటి జెండాలు పట్టుకున్నవాళ్లు, ఇంకో వైపు మావాళ్లు. సిపాయి నడుముకి పట్టీలు చుట్టి ఎత్తారు. గాల్లో ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. కింద నుంచి చూస్తే మీసం కూడా సరిగా రాని మొహం. మావాళ్లు అరిచారు. రెనీటా నా భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. అవతలి వైపు వెండెల్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

టీవీ పిల్ల పరుగెత్తుకొచ్చి నా మూతి ముందు మైకు పెట్టింది. "పురిఫాయ్ గారూ, మీ భర్త కల నెరవేరిన ఈ క్షణంలో మీకెలా ఉంది?"

"ఆకలేస్తోంది" అన్నాను.

నిజంగానే వేసింది. ఆయన పోయాక అదే మొదటిసారి. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో 'న్యాయం కోసం ఆకలి: కన్నీళ్లు ఆపుకున్న వితంతువు' అని వేశారు. రెనీటా అది చదివి, చదివి, పొట్ట పట్టుకుని నవ్వింది. "నువ్వు మొక్కజొన్న రొట్టె గురించే కదమ్మా అన్నావు?" "వేయించిన చేప కూడా" అన్నాను. దానికి ఇంకా నవ్వొచ్చింది. నవ్వుతుంటే అచ్చం వాళ్ల నాన్నే. నేను లేచి ప్లేట్లు కడిగాను.

తర్వాతి మీటింగులో, ఖాళీ అయిన చోట ఏం పెట్టాలన్న చర్చ వచ్చింది. వెండెల్ లేచాడు. విచారణ రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

"ఆ చోటుకి అమోస్ పురిఫాయ్ పేరు పెడదాం. ఒక విగ్రహం కూడా. నేనే ప్రతిపాదిస్తున్నాను" అన్నాడు. అతని మెడ ఎర్రబడింది. అది అతనికి ఎంత కష్టమో నాకు తెలుస్తూనే ఉంది. తెలియడం వరకే.

అందరూ సంతోషంగా నా వంక చూశారు.

"వద్దు" అన్నాను. "ఇంకో వందేళ్లకి ఎవరో ఈ గదిలో కూర్చుని ఆయన్ని ఎప్పుడు దించాలా అని కొట్టుకుంటారు. ఆయన్ని వదిలెయ్యండి."

ఎవరో నవ్వారు. వెండెల్ నవ్వలేదు.

"మరేం చేద్దామంటారు?"

"డీకన్ ఫెయిర్లీని అడగండి. ఆయన అబద్ధాలకోరునవుతానని ఏడుస్తున్నాడు. ఇక్కడ ఏముండేదో, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, ఎప్పుడు తీశారో ఒక పలక మీద రాయించండి."

పలక పెట్టడానికి ఐదుగురమూ ఒప్పుకున్నాం. రాయాల్సిన మాటల దగ్గర మళ్లీ మొదలైంది. 'ఎందుకు' అన్న చోట ఏం రాయాలో ఏ ఇద్దరికీ కుదరలేదు. నా గడువు ముగిసి, ఎన్నికలో గెలిచిన కొత్తాయన వచ్చేనాటికి కూడా ఆ వాక్యం తెగలేదు.

ఆఖరి మీటింగయ్యాక బయటికొస్తుంటే వెండెల్ మెట్ల మీద కలిశాడు.

"ఆరు నెలలు ఆగి ఉంటే వేరేలా ఓటేసేదానివా వెర్నెల్?" అన్నాడు. 'గారు' పోయింది.

"తెలీదు వెండెల్."

"మా ఆవిడ క్యారల్ పోయినప్పుడు నాకు ఏడాది పాటు ఉప్పు రుచి తెలీలేదు. తర్వాత వచ్చింది. వచ్చినప్పుడే ఎక్కువ కష్టమైంది."

"అలాగా" అన్నాను.

అతను తన బండి వైపు వెళ్లాడు.

నేను కారెక్కి ఇంటికి కాకుండా చర్చి వెనక శ్మశానానికి పోనిచ్చాను. అమోస్ దగ్గర నిలబడ్డాను. మట్టి కుంగి గడ్డి మొలిచింది. పొడవుగా అయిపోయింది. ఆయన ఉంటే అంత పెరగనిచ్చేవాడు కాదు. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. వంగి, అందినంత మేర చేత్తో పీకి పక్కన పోగేశాను. వేళ్లకి పచ్చి వాసన అంటుకుంది. చీకటి పడకముందే ఇంటికి బయల్దేరాను.