తొమ్మిదో స్తంభం

నేను ఒక సరుగుడు కర్రని. ప్రస్తుతం రెండు ముక్కలుగా ఉన్నాను. పెద్ద ముక్కకి లక్క ముద్ర వేసిన గుడ్డపీలిక కట్టి, దాని మీద ఏదో నంబరు రాసి, కార్పొరేషన్ ఆఫీసు పెరట్లో రేకుల షెడ్డు కింద పడేశారు. చిన్న ముక్క ఏమైందో నాకు తెలియదు. ఎవరింటి పొయ్యిలోకో పోయి ఉంటుంది. పోతే పోయింది, అదైనా ఒకరికి అన్నం వండిపెట్టింది.

నన్ను చూసి అయ్యో అనకండి. అయ్యో అనాల్సిన మనిషి వేరే ఉంది. ఆవిడ పేరు మస్తాన్‌బీ. ఆవిడ సంగతి చెప్పడానికే నోరు విప్పాను. మధ్యలో నా సొద కొంత వస్తుంది, తప్పదు.

సముద్రం ఒడ్డున ఇసుక నేలలో పుట్టాను. మా జాతికి పెద్ద ఆశలేమీ ఉండవు. ఐదేళ్ళు పెరుగుతాం, కొట్టేస్తారు, లారీ ఎక్కిస్తారు. పెళ్ళి పందిరికో, మేడలు కట్టే చోట పరంజాకో పోతాం. ఆ పని అయ్యాక ఇంకో పని. నాతో వచ్చిన కర్రలన్నీ వినాయకచవితి పందిళ్ళకి వెళ్ళాయి. నిటారుగా ఉన్నానని నన్నొక్కదాన్నే ఏరుకుని, మేస్త్రీ ఏసోబు భుజాన వేసుకుని మున్సిపల్ ఆఫీసుకి తెచ్చాడు. నిటారుగా ఉండటం ఇంత పాపమని అప్పుడు తెలియదు.

ఆఫీసు దొరల కాలం నాటిది. ఎత్తైన కప్పు, టేకు దూలాలు, లావుపాటి స్తంభాలు ఎనిమిది. ఆ ఏడు తుపాను వానకి జనన మరణాల సెక్షన్లో ఒక దూలం గోడలోకి దిగిన కొస దగ్గర పుచ్చి, జానెడు కిందికి కుంగింది. ఈ భవనాన్ని బాగుచేయాలా, కూలగొట్టి కొత్తది కట్టాలా అని కౌన్సిల్లో అప్పటికే వాదన నడుస్తోంది. వచ్చే మీటింగులో తేలిపోతుంది, అందాకా దూలం కింద ఒక పోటు పెట్టమన్నారు ఇంజనీరుగారు, అరటి గెలకి పెట్టినట్టు. ఆ పోటు నేను.

ఏసోబు నేల మీద చెక్కపలక వేసి, దాని మీద నన్ను నిలబెట్టి, పైన దూలానికి ఆనించి, సందులో చీలికలు పెట్టి సుత్తితో బిగించాడు. పక్క బల్ల దగ్గర నిలబడి మస్తాన్‌బీ చూస్తోంది. అప్పటికి ఆవిడ ఉద్యోగంలో చేరి నెల. భర్త వాటర్ ట్యాంకు మీద పనిచేస్తూ జారిపడి చనిపోతే, దానికి బదులుగా ఈవిడకి ఇక్కడ గుమస్తా ఉద్యోగం ఇచ్చారు.

"ఇది ఎన్నాళ్ళుంటది మేస్త్రీ?" అని అడిగింది.

"పదిహేను రోజులమ్మా. మీటింగు కాంగానే నేనే వచ్చి ఊడదీసుకుపోతా. పచ్చికర్ర, ఎక్కువ రోజులాగదు."

"ఆగకపోతే?"

"ఆగిద్దిలేమ్మా, మాటవరసకన్నా." అని నవ్వి, ఆవిడ చేతిలో అన్నం సంచీ చూసి, నాకొక మేకు కొట్టి ఇచ్చాడు. "ఇదిగో, దీనికి తగిలించుకో."

ఇరవై రెండేళ్ళు ఆగాను.

కౌన్సిల్ హాలు గోడకి అవతల. ప్రతి మాటా వినపడేది. ఒక మీటింగులో కొత్త భవనమే అన్నారు. ఎక్కడ అన్న దగ్గర ఆగింది. బస్టాండు పక్కన అని కొందరు, కాలవ గట్టున అని కొందరు, మా వార్డులో అయితేనే చెయ్యెత్తుతామని ఇంకొందరు. చివరికి బస్టాండు పక్కన కొబ్బరికాయ కొట్టి శంకుస్థాపన రాయి వేశారు. ఎన్నికలొచ్చాయి, గెలిచినవాళ్ళు కాలవ గట్టున ఇంకో రాయి వేశారు. ఆ తర్వాతి ఛైర్మన్ ఈ పాత భవనం మన ఊరి పరువు, ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదు అన్నాడు. ఎలా బాగుచేయాలో చూసి రమ్మని ఒక కమిటీ వేశారు. కమిటీ బస్సు కట్టించుకుని వేరే ఊళ్ళ భవనాలు చూడబోయి, దారిలో మూడు గుళ్ళు కూడా చూసుకుని, లడ్డూలతో దిగింది. మస్తాన్‌బీకీ ఒకటి పెట్టారు. ఈలోగా మున్సిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. గేటు మీద కొత్త బోర్డు పెట్టారు. బోర్డు కింద మేమంతా యథాప్రకారం ఉన్నాం.

ఇందులో మతలబు ఒకటుంది. నాకు పదేళ్ళకి గానీ బోధపడలేదు. కొత్తది కట్టాలనుకున్న రోజుల్లో, రేపో మాపో కూలగొట్టేదానికి రిపేరెందుకు అనేవాళ్ళు. పాతదాన్ని బాగుచేయాలనుకున్న రోజుల్లో, ఎలాగూ మొత్తం చేయిస్తాంగా, ఈ ఒక్క దూలానికి తొందరేం అనేవాళ్ళు. ఎటు తిరిగినా నన్ను కదిలించే పనిలేకుండా పోయింది.

నన్ను మనిషిగా, అదే, కర్రగా చూసింది మస్తాన్‌బీ ఒక్కతే. పొద్దున వస్తూనే సంచీ మేకుకి తగిలించి, వేళ్ళ కణుపులతో నన్ను రెండుసార్లు కొట్టి, "ఏం కర్రా, ఉన్నావా?" అనేది. చెవి ఆనించి వినేది. చీలికలు వదులైతే స్టూలెక్కి, ఇంటి నుంచి తెచ్చిన పొత్రంతో తట్టి బిగించేది. చెదలు పట్టకుండా మొదట్లో కిరసనాయిలు పోసేది. ఆ తర్వాతే రిజిస్టర్లు తెరిచేది. ఊళ్ళో పుట్టిన వాళ్ళ పేర్లూ, పోయిన వాళ్ళ పేర్లూ అన్నీ ఆవిడ గుండ్రటి దస్తూరీలోనే ఉన్నాయి.

ఏటా ఒక అర్జీ పెట్టుకునేది. "సెక్షన్ని వరండా గదిలోకి మార్చండి, లేదా ఈ కర్ర తీసి ఇనప స్తంభం పెట్టించండి, ఇక్కడికి పసిపిల్లల తల్లులొస్తారు." ఏటా ఒకటే జవాబు. భవనం విషయం పరిశీలనలో ఉంది. ఆ జవాబులన్నీ మడతపెట్టి సొరుగులో దాచుకుంది, పిచ్చిది.

నన్ను నిలబెట్టిన పదహారో ఏట మంత్రిగారు వస్తున్నారన్నారు. సూపరింటెండెంటు పానకాలరావుగారు సెక్షన్లోకి వచ్చి నన్ను ఎగాదిగా చూశారు. చెడ్డవాడు కాదు. ఎవరేమంటారోనని ఎప్పుడూ బిక్కుబిక్కుమంటూ ఉండే మనిషి.

"మంత్రిగారొస్తంటే ఆఫీసు మధ్యలో ఈ పాడె కర్రేందయ్యా, అరిష్టం!" అన్నారు.

మర్నాడు వడ్రంగులొచ్చి నా చుట్టూ ప్లైవుడ్ బిగించారు. పైనా కిందా పట్టీలు కట్టారు. మిగతా ఎనిమిదింటికీ వేసిన రంగే వేశారు. మస్తాన్‌బీ బతిమాలింది.

"సార్, లోపల కర్ర ఎట్టుందో ఎట్టా తెలిసిద్ది? చిన్న తలుపన్నా పెట్టించండి సార్."

"రెండ్రోజులేనమ్మా. మంత్రిగారు పోంగానే ఊడబెరికిద్దాం."

మంత్రిగారు మెట్ల మీదే దండలు వేయించుకుని, అటునుంచటే వెళ్ళిపోయారు. పెట్టె ఉండిపోయింది.

సిగ్గు విడిచి ఒక మాట చెప్తాను. నాకు బాగుంది. పందిరికి పోవాల్సిన కర్రని, టేకు స్తంభాల వరసలో రంగేసుకుని నిలబడ్డాను. దసరాకి వాటితో పాటు నాకూ పసుపు రాసి బొట్టు పెట్టారు. లోపల చీకట్లో చెదలు ఎక్కడం మొదలుపెట్టినప్పుడు కూడా, మొదట నేను కంగారుపడలేదు. నేను స్తంభాన్ని కదా! మస్తాన్‌బీ పొద్దున వచ్చి కొట్టేది. ప్లైవుడ్డే మోగేది. "పలకవేందే?" అని కాసేపు నిలబడి వెళ్ళి కూర్చునేది.

మరో ఆరేళ్ళు గడిచాయి. ఈసారి ఇక అటో ఇటో తేల్చేద్దామని, భవనం ఎంత గట్టిగా ఉందో పరీక్ష చేయించారు. పై ఊరి నుంచి ఒక ఇంజనీరొచ్చాడు. టేపు పట్టి కొలుచుకుంటూ, స్తంభాలు లెక్కపెట్టుకుంటూ మా గదిలోకొచ్చి, నన్ను అరచేత్తో తట్టి, "తొమ్మిది" అన్నాడు.

మస్తాన్‌బీ కుర్చీలోంచి లేచింది. "బాబూ, అది స్తంభం కాదు. లోపలుంది సరుగుడు కర్ర. నా కళ్ళ ముందే పెట్టారు. ఒక్క పలక ఊడదీసి చూడండి నాయనా."

ఇంజనీరు పానకాలరావుగారి వంక చూశాడు. ఇన్నేళ్ళూ జనం నెత్తిన కప్పుని కర్ర మీద ఆపారని తేలితే, ఆ పెట్టె కట్టించిందెవరు అంటారు. ఆయన రిటైర్మెంటు దగ్గరలో ఉంది.

"ఆమెకి మొదట్నించీ అదో భయం లెండి" అన్నారు నవ్వుతూ. "మీరు కానీయండి."

స్తంభాలు తొమ్మిది, అన్నీ దృఢంగా ఉన్నాయి, భవనం మరమ్మతుకి యోగ్యం అని రిపోర్టు వచ్చింది. ఆ సాయంత్రం కౌన్సిల్లో అన్ని పార్టీలూ ఒక్క మాట మీద చేతులెత్తాయి. ఇరవై రెండేళ్ళలో అందరూ కలిసి ఒక నిర్ణయమంటూ చేయడం అదే మొదలు. చప్పట్లు గోడ ఇవతలికి వినిపించాయి. ఛీ, ఆ నిర్ణయం నిలబడింది నా మీద.

పని పై కప్పుతో మొదలుపెట్టారు. వాన కారకుండా కొత్త పొర వేయాలని ఇసుక, ఇటుక ముక్కలు, సున్నం మిద్దె మీదికెక్కించి, సరిగ్గా మా గది నెత్తిన కుప్పపోశారు. అప్పటికి నాలో మిగిలింది పై బెరడు, దాని లోపల మట్టి.

సోమవారం పొద్దున పదకొండు గంటలకి నాలో చిటపటమంది. గది నిండా జనం. వాళ్ళెవరికీ వినపడలేదు. మస్తాన్‌బీకి వినపడింది. రాస్తున్న కలం పడేసి లేచింది.

"లెగండి! అందరూ బయటికి నడవండి. బిడ్డ తల్లీ, ముందు నువ్వు పో. సంచులు తర్వాత తీసుకుందురు, నడవండమ్మా!"

పదిమందినీ వరండాలోకి తోలింది. తనూ వెళ్ళింది. అబ్బ, బతికిపోయింది అనుకున్నాను. అప్పుడే పానకాలరావుగారు గబగబా వచ్చారు.

"ఏంది మస్తాన్‌బీ ఈ గోల? పైన పని జరగతంటే చప్పుడు రాదా? స్తంభాలు గట్టియ్యని అంతమంది సంతకాలు పెట్టారు. జనాన్ని బెదరగొట్టి నా పరువు తీస్తావా? ఆ పెద్దాయన నాలుగోసారి తిరగతన్నాడు. ఆయన భార్య డెత్ సర్టిఫికెట్టు తెచ్చిచ్చి పంపించు."

"సార్, కర్ర చప్పుడు నాకు తెలుసు సార్."

"కర్ర కాదమ్మా అది! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆవిడ ఆ పెద్దాయన వంక చూసింది. ఆయన చేతిలో రేషన్ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు ఆవిడ మీదే పెట్టాడు. రెండు నిమిషాల పని. ఆవిడ చెంగు బొడ్లో దోపుకుని లోపలికొచ్చింది. సొరుగు తీసి కాగితం తీసుకుంది. తిరిగి వెళ్తూ, అలవాటు చొప్పున, నన్ను కణుపులతో రెండుసార్లు కొట్టింది.

నేను ఆగలేకపోయాను. ఇరవై రెండేళ్ళు ఆగినదాన్ని ఇంకో నాలుగడుగులు, ఆవిడ గుమ్మం దాటేదాకా ఆగలేకపోయాను.

దుమ్ము అణిగాక పానకాలరావుగారు వరండా మెట్ల మీద కూలబడ్డారు. వచ్చిన ప్రతివాళ్ళ చెయ్యి పట్టుకుని, "నేనే పంపానయ్యా, బయటికి వచ్చిందాన్ని నేనే లోపలికి పంపా" అని చెప్పారు. అందరూ ఊరుకోండి సార్ అన్నారు. ఎవరూ రాసుకోలేదు. విచారణ రిపోర్టులో మాత్రం, తొమ్మిదో స్తంభం చెదల వల్ల విరిగింది అని రాశారు. అప్పుడు కూడా నేను స్తంభాన్నే.

సెక్షన్ని వరండా గదిలోకి మార్చారు. ఆవిడ అన్నేళ్ళు అడిగింది అదే. కొత్తగా వచ్చిన శేషుకుమారి అనే అమ్మాయి అక్కడ మొదట రాసిన పేరు షేక్ మస్తాన్‌బీ. చనిపోయిన చోటు అనే గడిలో ఇల్లు, ఆసుపత్రి, ఇతరం అని మూడే ఉన్నాయి. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి ఇతరం దగ్గర టిక్కు పెట్టింది.

ఈ చావు మీద పెట్టిన కేసు తేలేదాకా భవనం ముట్టుకోకూడదని కోర్టు చెప్పింది. బాగుచేయాలా, కొత్తది కట్టాలా అని కౌన్సిల్ మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి షామియానా కింద. నేను సాక్ష్యాన్నట. నోరులేని సాక్ష్యం. ఈ షెడ్డులోంచి వరండా గది తిన్నగా కనబడుతుంది.

నిన్న ఏసోబు వచ్చాడు. ముసలివాడయ్యాడు. వరండా గది దూలం కూడా కుంగుతోందట. భుజం మీద పచ్చి సరుగుడు కర్ర ఉంది, బెరడుకి ఇంకా ఇసుక అంటుకునే ఉంది. దాన్ని గదిలో నిలబెట్టి, చీలికలు పెట్టి, సుత్తితో బిగించాడు. శేషుకుమారి పక్కన నిలబడి చూసింది.

"ఇది ఎన్నాళ్ళుంటది మేస్త్రీ?"

ఏసోబు పెరట్లోకి, నా వైపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు.

"పదిహేను రోజులంటన్నారమ్మా" అన్నాడు.

తర్వాత ఆ అమ్మాయి చేతిలో అన్నం సంచీ చూసి, జేబులోంచి మేకు తీసి కర్రకి కొట్టి ఇచ్చాడు. శేషుకుమారి సంచీ దానికి తగిలించి, కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుని కూర్చుంది.