నాలుగు పెట్టెలకు మించి

"నువ్వు కూర్చో, గిన్నెలు నేను కడుగుతాలే" అన్నాడు భర్త.

ఆమెకు ముందు సరిగ్గా వినపడలేదు. వినపడ్డాక నమ్మలేదు. నమ్మాక భయమేసింది.

తాగిన గ్లాసు సింకుదాకా తీసుకెళ్ళని మనిషి, పొద్దున్నే చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. సబ్బెక్కడుందని అడిగాడు, అది కళ్ళెదురుగానే ఉంది. ఇవాళ ఆమెకు జ్వరం లేదు, ఇంటికి చుట్టాలెవరూ రాలేదు. ఏదైనా తప్పు చేసొచ్చాడా అనుకుంది. తప్పు చేసొచ్చిన రోజున ఈయన ఇంకో రెండు మాటలు గట్టిగా అరుస్తాడు కానీ గిన్నెల జోలికి పోడు. అంటే తప్పు ఇంకా జరగలేదు, జరగబోతోంది. ఆమె కుర్చీ అంచున కూర్చుని ఆ వీపునే చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో గాలి మారిన సంగతి ఆమెకు వారంనుంచీ తెలుస్తూనే ఉంది. అందరి తిండీ అయ్యాక మిగిలింది తినమనే అత్తగారు మొన్న "ముందు నువ్వు తినమ్మా" అన్నారు. ఎప్పుడూ "మా ఇంటి కంప్యూటర్" అని నవ్వే మామగారు ఎవరితోనో ఫోన్‌లో "మా కోడలుగారు" అంటుంటే విన్నది. ఆ 'గారు' ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అర్థం కాలేదు.

మామగారు పెట్టింది ఇత్తడి కుళాయిలు చేసే కంపెనీ. ఫ్యాక్టరీ, గోడౌన్ బావగారివి. అమ్మకాలు భర్తవి. బ్యాంకులు మాత్రం ఆమెవి. గోడౌన్‌లో ఎంత సరుకుంటే, దాన్నిబట్టి బ్యాంకు కంపెనీని అంత అప్పు వాడుకోనిస్తుంది, అదే లిమిట్. నెలనెలా సరుకింత ఉందని రాసి పంపాలి. ఒక బ్యాంకు వాయిదా రోజు వస్తే రెండో బ్యాంకు లిమిట్‌లోంచి తీసి కట్టాలి, రెండోవాడు కన్నెర్ర చేసేలోపు వసూళ్ళు తెచ్చి అక్కడ పోయాలి. ఈ పనంతా ఆమె భోజనాల బల్లమీద, ఒక కన్ను పొయ్యిమీద వేసి చేస్తుంది. బ్యాంకువాళ్ళ ఫోన్లకు కూర మాడకుండా జవాబు చెప్పడం కూడా నేర్చుకుంది. జీతం మాట ఒకసారి ఎత్తితే, "ఇంటి మనిషికి జీతమేంటి, బయటివాళ్ళు వింటే నవ్వుతారు" అన్నాడు భర్త. ఇదే పనికి వారానికోసారి వచ్చి టీ తాగి వెళ్ళే ఆడిటర్‌కి మాత్రం ఫీజు ఇస్తారు, దానికెవరూ నవ్వలేదు.

సరుకు అంకెలు బావగారు ఫోన్‌లో చెప్తారు, ఆమె రాస్తుంది. అమ్మకాలు పడిపోతున్నాయి, ఇత్తడి కొనుగోళ్ళు తగ్గాయి, గోడౌన్‌లో సరుకు మాత్రం నెలనెలా పెరుగుతోంది. ఎలా పెరుగుతోందని ఒకసారి అడిగింది. "రాసే పని నీది, రాయి" అన్నారు బావగారు. ఒకసారి వచ్చి చూస్తానంది. "ఆ దుమ్ములో ఆడవాళ్ళకేం పని?" అన్నారు. ఇంట్లో అటకలమీది దుమ్మంతా దులిపేది ఎవరని అడగాలని నోటిదాకా వచ్చింది కానీ, కుక్కర్ కూత పెట్టింది.

భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గిన్నెలకు నురగ ఇంకా అంటుకునే ఉంది.

"నాన్న నిన్ను డైరెక్టర్ని చేద్దామంటున్నారు."

"ఎందుకు?"

"ఎందుకేంటి? గౌరవం. వదిన మానేసింది కదా, ఆ చోటు నీకు."

"ఊరికేనా?"

"ఊరికే. బ్యాంకువాళ్ళు లిమిట్ పెంచుతున్నారు. డైరెక్టర్లు పూచీ సంతకం పెట్టాలంటున్నారు. మీ అమ్మ ఇంటి కాగితాలున్నాయి కదా, అవి బ్యాంకు దగ్గర పడుంటాయి. బీరువాలో ఉన్నా అంతే, అక్కడున్నా అంతే."

అమ్మ ఇల్లంటే రెండు గదులు. పక్కవాళ్ళ జాకెట్లు, లంగాలు కుట్టి కుట్టి, చూపు మందగించేదాకా కుట్టి కట్టుకున్న రెండు గదులు. అవి కూతురి పేర రాయించిన రోజున అమ్మ ఒకే మాట చెప్పింది. "తలుపు కొట్టకుండా లోపలికెళ్ళే ఇల్లు నీకొకటి ఉండాలే." అప్పుడు నవ్వేసింది. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఒక నర్సు అద్దెకుంటోంది. అయినా ఏదైనా మాట గుచ్చుకున్న రోజున, ఆ ఇంటి తాళంచెవి రెండోది తన సంచిలో ఉందని తడిమి చూసుకుంటుంది. ఆ ఇల్లు పోతే తను పోవాల్సి వచ్చిన రోజున పోవడానికి చోటుండదు. ఆ సంగతి ఈయనకు తెలియదా? తెలిసే గిన్నెలు కడిగాడా?

ఆయన స్నానానికి వెళ్ళగానే తోడికోడలికి ఫోన్ చేసింది. ఆరోగ్యం బాగాలేక డైరెక్టర్ పదవి వదిలేసిందని చెప్పుకుంటున్న మనిషి, పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి అప్పుడే ఇంటికొచ్చింది.

"అక్కా, నన్ను డైరెక్టర్ని చేస్తారట."

అవతల టీవీ గొంతు పెరిగింది.

"నాకు ఈమధ్య బాగా నిద్ర పడుతోంది. అంతకన్నా ఏం చెప్పనే, మీ బావగారు ఇక్కడే ఉన్నారు" అంది తోడికోడలు.

బ్యాంకు అధికారి ఇవాళే సరుకు చూడ్డానికి గోడౌన్‌కే వస్తాడని, సంతకాలు కూడా అక్కడే కానిచ్చేద్దామని మామగారు చెప్పారు. బ్యాంకులో అయితే పదిమంది ఉంటారు, తీరిగ్గా చదువుకోవచ్చు, అడగొచ్చు. మరి గోడౌన్‌లో ఎందుకు? కారులో ఇంటి కాగితాల సంచి ఇలా ఇవ్వమన్నాడు భర్త. "నా దగ్గరే ఉండనివ్వండి" అంది ఆమె. అది ఒళ్ళోనే పెట్టుకుంది.

ఇన్నేళ్ళు లెక్క రాసిన గోడౌన్‌లో ఆమె మొదటిసారి అడుగుపెట్టింది. బావగారు తాళం తీశారు. లైట్లు వెలిగించారు. కొత్త టేపు తళతళలాడుతూ పెట్టెలు గోడల పొడుగునా పేర్చి ఉన్నాయి. బ్యాంకు అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే వరసలు లెక్కపెట్టాడు, ఎత్తుతో హెచ్చించుకున్నాడు, "ఫుల్‌గా ఉందండీ" అన్నాడు. మామగారు చిన్నగా నవ్వారు.

ఆమె ఎత్తు చూస్తోంది. ఒకదానిమీద ఒకటి ఎనిమిది పెట్టెలు.

ప్రతి పెట్టెమీదా ఎర్రటి అక్షరాలున్నాయి, 'నాలుగు పెట్టెలకు మించి పేర్చరాదు' అని. అవి ఆమె వేయించిన అక్షరాలే. ఐదో పెట్టె ఎక్కితే అడుగుది చితికి కుళాయిలు బయటికొస్తున్నాయని దుకాణాలవాళ్ళు తిట్టిన తిట్లన్నీ ఫోన్‌లో విన్నది ఆమే. ఆ తిట్లు పడలేక ప్రెస్సువాడికి చెప్పి అచ్చు వేయించింది. ఇక్కడ అడుగు పెట్టె నలగలేదు, మూల వంగలేదు, ఇవాళే మడిచినంత నిటారుగా ఉంది. బావగారు ఆ ఎర్ర అక్షరాలను ఏనాడూ చదివినట్టు లేదు. ఇంటి ఆడది వేయించిన మాట, ఎవరు చదువుతారు?

వరసల మీదుగా ఎలుకకోసం కాబోలు, పిల్లి ఒకటి గెంతింది. దాని బరువుకే పెట్టెలు అటూ ఇటూ ఊగాయి. ఆమెకు ఒళ్ళు మండింది. అమ్మ కళ్ళు తీసుకున్న రెండు గదుల్ని ఈ పెట్టెల్లోని గాలికి పూచీగా పెట్టమంటున్నారు.

"ఇక్కడ సంతకం మేడమ్" అన్నాడు అధికారి, గుమ్మం పక్కనున్న బల్లమీద కాగితాలు సర్దుతూ.

"పెట్టు, సార్‌కి ఆలస్యమవుతోంది" అన్నాడు భర్త. ఆ గొంతులో పొద్దుటి నురగ లేదు.

ఆమె కాగితాల సంచి భుజానికి తగిలించుకుంది. చివర వరస దగ్గరికి నడిచింది. అక్కడ పనివాళ్ళు ఎక్కి సర్దే స్టూలుంది. దాన్నెక్కింది.

"ఏం చేస్తున్నావ్? దిగు" అన్నారు బావగారు.

"నిండు పెట్టె దించడానికి ఇద్దరు మనుషులు కావాలని కూలీ లెక్కలో మీరే రాయించారు కదా బావగారూ" అంది ఆమె. పై పెట్టెను ఒంటి చేత్తో తీసింది. చంకలో పెట్టుకుని దిగింది. అలాగే బల్లదాకా నడిచొచ్చింది.

అధికారి రుమాలు ముక్కుమీదనుంచి తీశాడు. పెట్టెకేసి చూశాడు, పైదాకా పేర్చిన వరసలకేసి చూశాడు, కాగితాలు ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాడు. భర్త గోడకేసి తిరిగాడు. ఆ వీపు ఆమె పొద్దున చూసిన వీపే.

మామగారు ఒక్కరే దగ్గరికొచ్చారు. గొంతు తగ్గించి, చేతులు చాచి, బతిమాలుతున్నట్టు అన్నారు.

"అమ్మా, ఇంటి పరువమ్మా. నువ్వు కాకపోతే ఎవరు మోస్తారు?"

ఆమె ఆ పెట్టెను ఆయన చేతుల్లో పెట్టింది.

"పట్టుకోండి మామయ్యగారూ. బరువేం లేదు."