బ్రేకు మీద నింద

ఖలందర్‌కు హిందూపురంలో సైకిలు షాపు. 1971లో ఒక పట్టుగూళ్ల వ్యాపారి పెద్ద కారు కొనుక్కుంటూ తన పాత చిన్న కారును వదిలించుకుంటుంటే, భార్య వద్దంటున్నా దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికే దాని వయసు పదేళ్లు. ఆ తర్వాత పదమూడేళ్లు దాని మీద ఇంకో మెకానిక్కు చెయ్యి పడనివ్వలేదు. సామాన్ల కోసం బెంగుళూరులో పాత ఇనుము అంగళ్లన్నీ తిరిగేవాడు. దొరకనివాటిని సైకిలు సామానుతోనే ఎట్లాగో సరిపెట్టేవాడు. ముసలి బండి అని ఎవరైనా నోరు జారితే వాళ్లతో మాటలు మానేసేవాడు.

ఆదివారం పొద్దున అతను బానెట్ ఎత్తితే పక్కన నిలబడి స్పానర్లు అందించేది భార్య షంషాద్‌బీ. ఏడాదిగా ఆమెకు పని పెరిగింది. ప్లగ్గు విప్పి ఆమె చేతికిచ్చి, "మే, మొన నల్లగుండాదా, ఎర్రగుండాదా చూసి చెప్పు" అనేవాడు. కింద పడిన నట్టును నేలంతా తడిమి వెతికేవాడు. ఇన్నేళ్లకు తనకూ పని నేర్పాలన్న బుద్ధి పుట్టిందిలే అని ఆమె లోలోపల మురిసిపోయింది.

1984 జనవరిలో కూతురు రోషన్‌బీని, ఆమె మూడు నెలల బిడ్డను ధర్మవరంలో అత్తవారింట దిగబెట్టడానికి మొగుడూ పెళ్లాం కారులో బయల్దేరారు. కూతురూ బిడ్డా వెనక సీట్లో, షంషాద్‌బీ ముందు సీట్లో. ఊరు దాటి గంట కాకముందే ఎదురొచ్చిన బస్సు ఒకటి హారన్ మోగిస్తూ వీళ్లను దాదాపు రాసుకుంటూ పోయింది.

"గుంత తప్పిస్తి, అందుకే అటు జరిగింది" అన్నాడు ఖలందర్.

షంషాద్‌బీ వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద గుంత లేదు.

అప్పుడు మొగుడి వైపు చూసింది. గడ్డం స్టీరింగుకు ఆనేలా ముందుకు వంగి ఉన్నాడు. తల కొంచెం పక్కకు వాల్చి, చెవితో రోడ్డును వింటున్నట్టున్నాడు. దూరంగా ఎదురుగా ఒక పసుపు మైలురాయి కనిపిస్తోంది.

"పెనుకొండ ఇంక ఎంత దూరమంట? రాయి మింద ఏముండాది?" అనడిగింది, మామూలుగా.

"చూళ్లేదు మే. దాటిపోయింది."

రాయి ఇంకా ముందే ఉంది. కాసేపటికి వాళ్ల పక్కనుంచే వెళ్లిపోయింది.

కూతురి ముందు ఆమె కండ్ల సంగతి ఎత్తలేదు. ఊరికే కూర్చోనూ లేదు. "ఏమయ్యా, రవ్వంతసేపు ఆపు. టీ తాగుదాం" అంది.

"అల్లుడు అన్నానికి కాచుకోనుంటాడు" అని అతను వేగం తగ్గించలేదు.

మలుపు తిరగగానే రోడ్డంతా కాయలతో కోసిన ఉలవకట్టె పరిచి ఉంది. బండ్లు ఎక్కి తొక్కితే గింజ రాలుతుందని రైతులు పరిచి, చుట్టూ రాళ్లు పెట్టారు. మధ్యలో ఒక ముసలామె వీళ్లకు వీపు పెట్టి, వంగి కట్టెను ఎగదోస్తోంది. ఆమె చీరది కూడా ఎండిన ఉలవకట్టె రంగే.

"మనిషుండాది! ఆపు!"

"యాడ?" అన్నాడు ఖలందర్.

ఆ ఒక్క మాటతో షంషాద్‌బీకి మిగిలిన అనుమానం తీరిపోయింది. రెండు చేతులా స్టీరింగు పట్టి తన వైపు లాగేసింది. కారు రాళ్ల మీదుగా ఎగిరింది, తుమ్మకంపను గీసుకుంటూ పోయింది. ఖలందర్ అప్పుడు బ్రేకు తొక్కాడు. కారు కాలవ అంచున టక్కున నిలబడిపోయింది. వెనక సీట్లో బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. రోషన్‌బీ మోచెయ్యి చీరుకుపోయింది గానీ బిడ్డను వదల్లేదు.

ముసలామె కట్టెలో కూలబడింది. ఆమె పేరు సిద్దమ్మ. చేనులోంచి కొడుకు యల్లప్ప, ఇంకో నలుగురు పరుగెత్తుకొచ్చారు.

"కండ్లు కనపడవా అప్పా నీకు?" అని అరిచింది సిద్దమ్మ.

ఖలందర్ కారు దిగాడు. ఒక చెయ్యి బానెట్ మీదే ఉంది. "బ్రేకు పట్టలేదమ్మా" అన్నాడు. "ముసలి బండి. ఏం జేసేది?"

షంషాద్‌బీ తన చెవులను తానే నమ్మలేకపోయింది. ఆ మాట ఇంకొకరంటే సహించని మనిషి!

"బ్రేకు లేని బండిని రోడ్డు మిందికి ఎట్ల తెస్తివప్పా?" యల్లప్ప అతని మీదికి వచ్చాడు. "మా యమ్మ సచ్చింటే?"

ఊరుకుంటే మొగుడి పరువు నిలుస్తుంది. రేపు అతను మళ్లీ ఇదే సీట్లో కూర్చుంటాడు. వెనక బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది.

"బ్రేకులు బాగుండాయి" అంది షంషాద్‌బీ. "పోయిన ఆదివారమే కొత్త రబ్బర్లు ఏసినాం. నేనే పెడలు తొక్కితి. ఆయనకే చూపు లేదు."

ఖలందర్ ఆమె వైపు తిరగలేదు. తాళంచెవి తీసి గాల్లోకి చాపాడు. యల్లప్ప ఒక అడుగు ముందుకేసి అందుకోవాల్సి వచ్చింది.

ట్రాక్టరు తోలిన అలవాటుతో యల్లప్పే వాళ్లను పెనుకొండ చేర్చాడు. పదమూడేళ్లలో మొదటిసారి ఖలందర్ తన కారులో వెనక కూర్చున్నాడు. గేరు కరకరమన్నప్పుడల్లా మొహం ముడుచుకున్నాడు. పిండిమర నడిపే చుట్టం నబీసాబ్ కొట్టంలో కారు పెట్టి, అక్కణ్ణించి బస్సులో ధర్మవరం పోయారు. అక్కడున్న నాలుగు రోజులూ అతను భార్యతో మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో, బస్సు కదిలాక, తనంతట తానే మొదలుపెట్టాడు.

"రెండేండ్లాయ, మంచు మాదిరి కమ్ముకోబట్టి. డాక్టరు కాడికి పోతే బండి తోలొద్దంటాడని పోలేదు."

"నాకన్నా చెప్పకూడదా?"

"చెప్తే నువ్వూ అదే అంటావు గదా." "ఆడ బ్రేకు మింద నింద ఏసినప్పుడు నీ మొగం చూడలేకపోతి" అన్నాడు.

"చూసినా కనపడదులే" అంది షంషాద్‌బీ. అనేశాక నాలిక్కరుచుకుంది. అతను మాత్రం నవ్వాడు. నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నాడు.

మార్చిలో ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండో కన్ను ఇంక బాగుపడదన్నారు. లావు అద్దాలు పెట్టుకుని పెనుకొండ పోయి, నబీసాబ్ చేత కారు ఇంటికి తోలించుకొచ్చాడు. తుమ్మముళ్ల గీతలకు రంగేశాడు. మళ్లీ తోలతాడేమోనని షంషాద్‌బీ తాళంచెవి బియ్యం డబ్బాలో దాచింది. అతను ఒక్కరోజూ అడగలేదు.

ఏప్రిల్లో ఒక ఆదివారం తానే, "తాళం తీసుకోనిరా. నువ్వు నేర్చుకో" అన్నాడు.

"యాభై ఏండ్లకా? జనం నవ్వుతారు."

"నవ్వనీలే."

హైస్కూలు మైదానంలో ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. అతను పక్క సీట్లో. క్లచ్చి వదలగానే కారు ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆగినప్పుడు ఆమె అతని మొహం చూసింది, కోప్పడతాడని.

"దానికేం కాలేదు" అన్నాడు ఖలందర్. "నిదానంగా ఇంకొకసారి వదులు."