పాత మంచాల రాక్షసి

ఆసుపత్రి వెనక రిపేరు షెడ్డులో పదహారేళ్లుగా విరిగిన మంచాలకు అతుకులేస్తున్న ఆమెను ఆయాల నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ వెల్డరమ్మ అనే పిలిచేవాళ్లు. అతకడానికి వీల్లేనివన్నీ షెడ్డు పక్కన గుట్టపడేవి: స్ప్రింగు మంచాలు, సెలైన్ స్టాండ్లు, చక్రాల కుర్చీలు, మొండి కత్తెరలు.

ఆసుపత్రికి యాభై ఏళ్లు నిండుతున్నాయని, ఆ తుక్కుతోనే ముందు తోటలో ఓ బొమ్మ పెట్టిద్దామని పెద్ద డాక్టరుకు బుద్ధి పుట్టింది.

"మన పాత కథల్లోంచి ఏదైనా చెయ్యమ్మా. రాకుమారో, హంసో, నీ ఇష్టం," అన్నాడు.

వెల్డరమ్మకు కథలంటే అమ్మ చెప్పినవే. అమ్మ ఇదే ఆసుపత్రిలో ఆయాగా చేసింది. పిల్లల వార్డులో ఏడ్చే పిల్లలకు కథలు చెబుతుంటే, కూతురు మంచం కింద కూర్చుని వినేది. ఒక కథలో రాక్షసి ఒంటరిగా తన అడవిలో తాను బతుకుతుంటుంది. వేటకొచ్చి దారితప్పిన రాకుమారుడు ఆమె ఇంట్లో దూరి, ఆమె వండుకున్నది తిని, చివరికి ఆమె గుండెల్లోనే కత్తి దింపుతాడు.

"ఇంట్లోకి వచ్చింది వాడైతే ఆవిణ్ణెందుకు చంపాడు?" అని ఆరేళ్ల పిల్ల అడిగింది.

"రాక్షసి కాబట్టి."

ఆ జవాబు ఆ పిల్లకు ముప్పై ఏళ్లయినా మింగుడుపడలేదు.

రెండు నెలలు పట్టింది. మంచాల కోణాలు ఎముకలయ్యాయి. స్ప్రింగులు జుట్టయ్యాయి. కత్తెరలు కోరలు, సెలైన్ స్టాండ్ల కడ్డీలు వేళ్లు, ఆపరేషన్ గది దీపాల పాత డిప్పలు కళ్లు. తన ఇంటి గడపలో తాను కూర్చున్నట్టు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, నిటారుగా కూర్చుంది రాక్షసి.

పెద్ద డాక్టరు చూసి నోరు వెళ్లబెట్టాడు.

"రోగులు జడుసుకుంటారమ్మా!"

"నా ఇష్టమన్నారు కదా సార్."

ఆయన దాని చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు. "సరే, పోనీ. ఛాతీలో ఒక కత్తి పెట్టు. కథలోనూ అంతే కదా. చెడు చచ్చినట్టు ఉంటుంది."

"పెట్టను సార్."

"అయితే శుక్రవారం తుక్కు లారీ వస్తుంది. అందులో పోతుంది."

ఇంటికెళ్తే అమ్మ ఒంటికాలి మీద లేచింది. "కొరివితో తల గోక్కుంటావెందుకే? ఓ కత్తి గుచ్చితే నీ సొమ్మేం పోయింది?"

మర్నాడు అమ్మను షెడ్డుకు తీసుకొచ్చింది. ముసలామె రాక్షసి మోకాలి మీద చెయ్యి వేసి తడిమింది. అక్కడ పెయింటు నిండా పిల్లల పంటి గాట్లు.

"ఇది మా వార్డు మంచమేనే," అంది. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు. "నిజానికి మా అమ్మ చెప్పిన కథలో రాక్షసి చావదు. వాణ్ణి బయటికి గెంటి తలుపేసుకుంటుంది. అలా చెబితే మీరెవరూ నిద్రపోయేవాళ్లు కాదు. 'తర్వాత, తర్వాత' అని చంపుకుతినేవాళ్లు. అందుకని నేనే దాన్ని చంపేశాను."

చెయ్యి తీసి కూతురి వైపు తిరిగింది: "కత్తి పెట్టావంటే ఊరుకోను."

గురువారం మధ్యాహ్నం, డాక్టర్లు భోజనాలకు వెళ్లిన వేళ, రాక్షసిని రెండు స్ట్రెచర్ల మీదికెక్కించి ఆయాలు ఆరుగురు తోశారు. ఆడవాళ్ల వార్డు వెనక, కిటికీలకు ఎదురుగా, పాత నీళ్ల ట్యాంకు ఇనుప స్తంభాలున్నాయి. వెల్డరమ్మ వాటికి రాక్షసిని బోల్టులతో బిగించి, ఏ పానాకీ పట్టు దొరక్కుండా వాటి తలలు ఆకురాయితో గుండ్రంగా రుద్దేసింది.

శుక్రవారం లారీవాళ్లు నలుగురు పట్టి లాగినా అది కదల్లేదు. పెద్ద డాక్టరు పళ్లు పటపటలాడించాడు.

"గ్యాస్ కట్టర్ తెచ్చి కొయ్యి!"

"కొయ్యను సార్."

"ఇంకొకణ్ణి పిలిపిస్తా!"

అప్పటికే వార్డు వరండా నిండిపోయింది. కుట్లు పడిన పొట్టలు పట్టుకుని కొందరు, పసిబిడ్డల్ని ఎత్తుకుని కొందరు. హెడ్ నర్సు మెల్లిగా ముందుకొచ్చింది.

"పిలిపించండి సార్. కిటికీ పక్కన మంట పెట్టాలంటే ముందు వార్డు ఖాళీ చెయ్యాలి. నలభై మంది పేషెంట్లు. ఎక్కడ పడుకోబెట్టమంటారు?"

లారీ ఖాళీగా వెనక్కి పోయింది.

వెల్డరమ్మకు మెమో మాత్రం వచ్చింది. ఉత్తర్వు ధిక్కరించినందుకు సంజాయిషీ అడిగారు. "కొయ్యమన్నారు. కొయ్యలేదు. రేపు చెప్పినా కొయ్యను," అని రాసి సంతకం పెట్టింది. రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. షెడ్డు నుంచి తీసి బాయిలర్ గదిలో వేశారు. షెడ్డు తాళం అప్పగించిన రోజు బాత్రూంలో కూర్చుని ఏడ్చింది.

వార్డులో ఎవరూ జడుసుకోలేదు. ఆపరేషన్ ముందురోజు కొందరు అడిగి మరీ కిటికీ పక్క మంచం వేయించుకునేవాళ్లు.

బాయిలర్ గదిలో తుప్పు పట్టిన పైపులు గుట్టలుగా పడున్నాయి. రెండో వారానికే వెల్డరమ్మ వాటిని పొడవును బట్టి వేరుచేసి పెట్టుకుంది. క్యారేజీ తెచ్చిన అమ్మ అది చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"మళ్లీ ఏమిటే?"

"ఇంకో ఆవిడ. ఈవిడ నిలబడే ఉంటుంది," అంది వెల్డరమ్మ, పైపు మీద సుద్దతో గీత గీస్తూ.