కొబ్బరి చిప్పల మసి

"నలభై మంది పిల్లలకు సరిపడ నలుపు కావాలన్నడు జలపతి. జర ఎక్కువనే చెయ్యి" అని చెప్పి మా ఆయన హనుమంత రావు పేపరు పట్టుకొని వరండాలోకి వెళ్ళిపోయాడు.

అందుకని ఆ ఆదివారం పొద్దున నేను పెరట్లో కూర్చొని కొబ్బరి చిప్పలు కాల్చి, నూరి, నూనెలో కలుపుతున్నాను. జగిత్యాలలో చరిత్ర ముఖ్యాంశంగా బి.ఏ. చదివింది ఇందుకే కాబోలు. కోరుట్లలో మా బిడ్డ స్నేహ చదివే బడి జలపతి సారుది, దాని కమిటీకి మా ఆయన చైర్మన్. ఏటా ఒక ఖండం పేరు మీద అక్కడ సాంస్కృతిక విద్యా ఉత్సవం చేస్తారు. సకల జనుల సమ్మెలో బడులు మూతపడి, తప్పిపోయిన పాఠాలు ఆదివారాలు కూడా చెబుతున్నారు కనుక ఈసారికి ఉత్సవం ఉండదనుకున్నాను. పాఠాలు ఆగాయి గానీ ఉత్సవం ఆగలేదు. ఈ ఏడు ఆఫ్రికా వంతు.

పోయినేడు యూరప్. ఎర్రగా ఉన్న పిల్లలకు పౌడరు కొట్టి రాజులను, రాణులను చేశారు. స్నేహను చెట్టును చేశారు. నా బిడ్డది నా రంగు. గంటసేపు చేతులు చాపి నిలబడి ఇంటికొచ్చి, "మమ్మీ, ఆడ నా అసొంటోళ్ళు ఉండరా?" అని అడిగింది. ఈసారి సోషల్ చెప్పే నాహీద్ టీచర్ పట్టుబట్టి స్నేహకు ప్రసంగం ఇచ్చింది. పదిహేను రోజులుగా నేను రొట్టెలు చేస్తుంటే పీట పక్కన నిలబడి స్నేహ అదే చెబుతోంది. ఆఫ్రికా అంటే ఒక ఊరు కాదు, యాభై నాలుగు దేశాలు. రొట్టె మాడినా ఆ వాక్యం దగ్గర నేను ఆపలేదు.

మా అత్తమ్మ వచ్చి మసి గిన్నెలోకి తొంగి చూసింది. "స్నేహకు పూసే పనే లేదు. గంత మసి మిగుల్తది" అన్నది. వరండాలో పేపరు వెనక నవ్వు వినబడింది. ఆ నవ్వు నాకు పదమూడేళ్ళుగా పరిచయం. పెళ్ళయిన కొత్తలో కరెంటు పోతే, చుట్టాలందరి ముందు "ఊర్మిళా, ఓసారి నవ్వు. ఏడున్నవో తెలుస్తలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ మనిషే సమ్మె రోజుల్లో దీక్షా శిబిరంలో మైకు పట్టుకొని, "మన యాసను ఎక్కిరిచ్చిండ్రు, సినిమాలల్ల జోకర్ల నోట్ల పెట్టిండ్రు" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఎదురుగా కూర్చున్న గంగవ్వ, స్నేహ బడిలో ఆయా, కొంగుతో ముక్కు చీదింది. ఆ వాక్యం నాది. ఆయన చెప్పే వాక్యాలన్నీ నావే. స్టేజి మీద కళ్ళద్దాలు పెట్టుకుంటే ముసలోని లెక్క కనబడతాడట, అందుకని ఒక్కో అక్షరం చింతపిక్కంత చేసి, పేజీకి ఏడెనిమిది వరుసలు రాయాలి. కాగితం పోగొట్టుకుంటాడు కనుక చివరి నిమిషం దాకా నా సంచిలోనే ఉండాలి. ముందు చదువుకునే అలవాటు లేదు. ఒకసారి నేను బ్రాకెట్లో "ఇక్కడ నీళ్ళు తాగాలి" అని రాస్తే అది కూడా ఆవేశంగా చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి నన్ను తిట్టాడు.

మధ్యాహ్నం బడికి వెళ్ళేసరికి గేటుకు గడ్డి వేలాడదీశారు. లోపల పిల్లలు రైస్‌మిల్లు సంచుల దారాలు నడుముకు కట్టుకొని, చేతిలో కర్రలతో "హో హో" అని ఎగురుతున్నారు. ఆ దారాలు విప్పింది కూడా నేనే. అప్పుడు ఆటలా అనిపించింది. డ్రెస్సులు మార్చే గదిలో వరుసగా పిల్లలు కూర్చున్నారు, గంగవ్వ మసి పూస్తోంది. నాలుగో పిల్ల స్నేహ. సగం ముఖం అయిపోయింది. ఆ సగంలోంచి నన్ను చూసింది. నా గోళ్ళ కింద ఇంకా అదే మసి ఉంది.

"నేను చెప్పి చూసిన మేడం" అన్నది నాహీద్ టీచర్ నేల చూస్తూ. "సార్ ఇనలే. స్పీచ్ వాళ్ళ మేనకోడలికి ఇచ్చిండు."

జలపతి నవ్వుకుంటూ వచ్చాడు. "ఏమనుకోకు వదినా. స్పీచంటే పోరి జర మంచిగ కనబడాలె కద. మన స్నేహ డాన్సుకైతే నాచురల్‌గ సరిపోతది. పొద్దున్నే రావు సాబ్‌ను అడిగిన, సరే అన్నడు."

పొద్దున్నే. అంటే నేను చిప్పలు కాలుస్తున్నప్పుడే. ముందు వరుస సోఫాలో కూర్చున్న మా ఆయన దగ్గరికి వెళ్ళి అడిగాను. "కడుక్కుంటె పోయేదానికి గింత లొల్లి ఎందుకే? నేను చదివే కాగితం ఏది?" అన్నాడు.

"ఒక ముక్క మిగిలింది. ఇప్పుడే ఇస్త" అన్నాను.

నాహీద్ టీచర్ దగ్గర మార్కర్ తీసుకున్నాను. చివరి పేజీ కింద కొన్ని వరుసలు రాశాను, చింతపిక్కంత అక్షరాలతో. ఈసారి బ్రాకెట్లు పెట్టలేదు.

మా ఆయన చాలా బాగా చదివాడు. "ఒకని మాటను ఎక్కిరిచ్చుడు, ఒకని రంగును ఎక్కిరిచ్చుడు రెండూ ఒక్కటే" అనగానే వెనక నుంచి జై తెలంగాణ అన్నారు. ఆయన గొంతు పెంచాడు. "అందుకే గీ మసి మనకొద్దు. నా బిడ్డ స్నేహ ముఖం కడుక్కొని ఈడికొచ్చి, తను నేర్చుకున్న ప్రసంగం చెప్తది. తక్కిన పిల్లలు గూడ కడుక్కోవాలె. గంతదాక మనమందరం కూసోని ఉందాం." ఆ మాటతో ఆగి, కాగితం దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, తర్వాత జనంలో నా కోసం వెతికాడు. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లకు కాదని చెప్పే శక్తి ఆయనకు ఏనాడూ లేదు.

నూనె మసి వట్టి నీళ్ళకు పోదు. చేసినదాన్ని కనుక నాకు తెలుసు, సంచిలో శనగపిండి తెచ్చుకున్నాను. నేనూ, గంగవ్వా, నాహీద్ టీచరూ నల్లా దగ్గర నలభై ముఖాలు కడిగాం. స్నేహ చెవుల వెనక కొంత మిగిలిపోయింది. అలాగే స్టేజి ఎక్కింది. టింబక్టులో వందల ఏళ్ళ కిందటి పుస్తకాల సంగతి దగ్గర తడబడి, గుర్తు తెచ్చుకొని, మొత్తం చెప్పింది. జలపతి మేనకోడలు కూడా చప్పట్లు కొట్టింది.

తర్వాత జలపతి శాలువా తెచ్చి మా ఆయనకు కప్పాడు. "ఇసొంటి తండ్రులు ఉండాలె" అన్నాడు మైకులో. పొద్దున వీళ్ళిద్దరూ ఏమనుకున్నారో వాళ్ళకే గుర్తు లేదు.

కారులో శాలువా సర్దుకుంటూ, "ఎట్ల చెప్పిన, చూసినవా? జనం లేసి నిలబడ్డరు" అన్నాడు. అది తన మాటేనని అప్పటికే నమ్మేశాడు.

"డాడీ, అది మమ్మీ రాసింది" అన్నది స్నేహ.

"రాసుడు ఎవ్వలన్న రాస్తరు బిడ్డా. చెప్పుడే కష్టం." తర్వాత నా వైపు తిరిగాడు. "అన్నట్టు రేపు సోమవారం బస్టాండు ముందట వంటా వార్పు ఉన్నది. ఆడోళ్ళ ఆత్మగౌరవం మీద మాట్లాడమన్నరు. రాసి పెట్టు. పులిహోర గూడ నువ్వే చూసుకోవాలె, రెండు వందల మందికి."

ఇంటికొచ్చేసరికి మసి నూరిన రోలు ఇంకా కడగకుండా పెరట్లోనే ఉంది. దాన్ని అలాగే వదిలేసి, వంటింటి గట్టు మీద కాగితాలు పరిచి, స్నేహను పక్కన కూర్చోబెట్టుకొని, సోమవారం ఉపన్యాసం మొత్తం రాశాను. ఎక్కువ సేపు పట్టలేదు. పదమూడేళ్ళుగా చెప్పని జవాబులన్నీ సిద్ధంగానే ఉన్నాయి.

ఈసారి అక్షరాలు సన్నగా రాశాను. నా కళ్ళకు కనబడితే చాలు.