ఎడమ మలుపులో ఆగే బండి

కోడలు హేరింకు నెలలు నిండాయి. ఆసుపత్రి కనుమకు అవతల, సముద్రపు ఒడ్డునున్న సొక్చోలో ఉంది. దారిలో మా బండి ఎక్కడ ఆగిపోతుందో ఎవరికీ తెలియదు.

నడుస్తూ నడుస్తూ ఇంజిన్ చప్పున ఆరిపోయేది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ఇద్దరు మెకానిక్కులు చూశారు. ఒకాయన ఇంజిన్ తిరుగుడు కనిపెట్టే సెన్సర్ పోయిందని కొత్తది వేశాడు. వారం తిరక్కుండా కనుమలో మళ్ళీ ఆగింది. వెనక లారీ హారన్‌కు హేరిం కడుపు పట్టుకుని కూర్చుంది.

"ఇక తుక్కువాడికి ఇచ్చేద్దామమ్మా" అన్నాడు మా అబ్బాయి సంగ్‌బే.

"కాన్పు ఈ వారంలోనే. అప్పటికి కొత్త బండి ఆకాశం నుంచి ఊడిపడుతుందా?" అన్నాను.

చివరికి మా ఊరు ఇంజేలో, బజారు చివరున్న ప్యో దగ్గరికి పోయాం. యాభై దాటిన మెకానిక్కు, మాట తక్కువని పేరు. బండి మూత ఎత్తలేదు, కంప్యూటర్ తగిలించలేదు. కాఫీ కప్పు పట్టుకుని, "ఎక్కడెక్కడ ఆగింది పెద్దమ్మా?" అన్నాడు.

అంతవరకు ఆ మాట ఎవరూ అడగలేదు. నా పుస్తకంలో రాసుకున్న ఆరు చోట్లూ చదివాను. వంతెన దిగగానే. ఎండుచేపల పందిళ్ళ దగ్గర. బడి వెనక...

ప్యో కళ్ళు మూసుకుని ఆ దారులన్నీ తిరిగొచ్చినట్టున్నాడు. "అన్నీ ఎడమ మలుపులే కదా" అన్నాడు.

నిజమే. రోజూ తిరిగే మాకు తట్టలేదు.

అప్పుడు మూత ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ఒక్కొక్క తీగనూ నాడి చూసినట్టు రెండు వేళ్ళతో కదిపాడు. ఏమీ కాలేదు. మూలన దారంతో వేలాడుతున్న ఎండుచేపను, ఎడమ మలుపులో ఊగినట్టు, కుడివైపుకు నెట్టాడు. ఇంజిన్ ఆగిపోయింది.

ఆ చేపను కట్టింది నేనే. బండి కొన్న రోజున, మా ఆచారం ప్రకారం, చక్రాలకు బియ్యపు కల్లు పోసి, ప్రమాదాలు రాకూడదని మొక్కి, తెల్లదారం చుట్టిన చేపను చేతికందిన నల్లటి గొట్టానికి బిగించాను. అందులోనే ఉంది సెన్సర్ తీగ.

"ఎవరు కట్టారోగానీ, బండి తుక్కయినా ఈ ముడి విడదు" అన్నాడు ప్యో.

"అత్తయ్య చెయ్యి పడితే అంతే మరి" అని హేరిం నవ్వింది.

"కాపాడమని కట్టిన చేపే మమ్మల్ని లారీ కింద పడేసేది!" అన్నాడు సంగ్‌బే.

"చేపనేమీ అనకు. అది ఊగుతుందని మనకు తెలియొద్దూ?" అన్నాడు ప్యో.

నన్ను ఒక్క మాట అనలేదు. దారం కోసి, లోపల నలిగిన తీగను మార్చాడు. చేపను పారేస్తాడనుకున్నాను. దుమ్ము తుడిచి, తీగలకు దూరంగా ఒక ఇనుప పట్టీకి, ఊగకుండా రెండుచోట్ల కట్టాడు. తర్వాత మమ్మల్ని ఎక్కించుకుని కనుమలోని ఎడమ మలుపులన్నీ రెండేసిసార్లు తిప్పాడు.

మూడోనాడు మధ్యాహ్నం హేరింకు నొప్పులు మొదలయ్యాయి. బడి వెనక మలుపు రాగానే సంగ్‌బే ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి పీల్చవయ్యా బాబూ, నొప్పులు నాకు!" అంది హేరిం.

బండి ఎడమకు తిరిగింది. ఇంజిన్ చప్పుడు మారలేదు. సముద్రం కనిపించేదాకా నేను ప్యో వేసిన ఆ రెండు ముళ్ళనే తలుచుకుంటూ కూర్చున్నాను.