ఎనిమిదేళ్ల బడి

చొప్పదండి దగ్గరి ఓ పల్లె బడిలో పిల్లలందరికీ ఎనిమిదేళ్లేనని పంతులు రాసి పంపాడు. ఆ పట్టిక సరిచేయకపోతే, జిల్లా గణాంక శాఖలో దెబోరాకు కొత్తగా వచ్చిన ఉద్యోగం నిలవదు. అందుకే తానే బస్సెక్కి వచ్చింది.

తల్లులకు సంవత్సరాలు గుర్తులేవు. కానీ ఎవరిని అన్నా అనాలో, ఎవరిని అక్కా అనాలో పిల్లలకు బాగా తెలుసు. దెబోరా వాళ్లను ఆ వరసలోనే నిలబెట్టింది. 1948లో పోలీస్ యాక్షన్ నాడే పుట్టిందని ఊరంతా చెప్పే సత్తవ్వ అనే పిల్ల దగ్గర లెక్క మొదలుపెట్టింది. చివరికి బుచ్చిరాములు, కొమురెల్లి దగ్గర చిక్కుపడింది.

"నేనే అన్నను!" అన్నాడు బుచ్చిరాములు.

"కాదు, నేనే!" అన్నాడు కొమురెల్లి.

"సరే, పెద్దోడు బాయికాడికి పోయి నాకు చెంబెడు నీళ్లు తేవాలె," అన్నది దెబోరా.

"బుచ్చన్నా, నువ్వే పో!" అన్నాడు కొమురెల్లి వెంటనే.

"ఇప్పుడే నేనే అన్ననంటివి గదరా!" అన్నాడు బుచ్చిరాములు.

కొమురెల్లి తల్లి పోశవ్వకు నవ్వాగలేదు. "బుచ్చిగాడే పెద్దోడమ్మా. వాడు పుట్టిండని నేను సూడబోయిన నాడు వీడింకా నా కడుపులనే ఉన్నడు. నా కొడుకే పెద్దోడని ఇన్నేండ్లు నేనే చెప్పుకుంట తిరిగిన."

దెబోరా రాసుకున్నది. బుచ్చిరాములు గొణుక్కుంటూ చెంబందుకున్నాడు.

"అన్నా, జర సల్లటియి తే!" అని వెనక నుంచి కొమురెల్లి కేకేశాడు.